మా ఊరు ఎటువైపు

దుబాయ్ అల్ ఖూజ్‌లో మా కంపెనీ ఉన్నది ఒక పాత గోదాంలో. ముందు ఆఫీసు, వెనక ప్రింటింగ్ మెషీన్లు, ఆ వెనక వడ్రంగి పని. సభలకు వేదికలు కట్టడం, వాటి వెనక నిలబెట్టే పెద్ద తెరలు అచ్చు వేయడం మా వ్యాపారం. మన భాషలో చెప్పాలంటే ఫ్లెక్సీలు. రాజమండ్రిలో ఎవరైనా అడిగితే మా నాన్న మాత్రం "అమ్మాయి ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో ఉంది" అంటారు. ఫ్లెక్సీ అనే మాట ఆయనకు నచ్చదు. వీధి మొగలో నాయకుల పుట్టినరోజులు గుర్తొస్తాయట.

క్లయింట్లతో మాట్లాడేది నేను. వాళ్ళు చెప్పింది డిజైనర్‌కి చెప్పాలి, డిజైనర్ చేసింది మెషీన్ దగ్గరికి పంపాలి, అచ్చయింది హోటల్‌కి చేరిందో లేదో చూసుకోవాలి. మెషీన్ మీద ఉండేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన మనిషి. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడం అనేవాడు. దుబాయ్ రాకముందు ఊళ్ళో ఎలక్షన్ ఫ్లెక్సీలు వేసేవాడట. "లీడర్ దండం వెట్టే ఫోటో ఒక్కటే ఉంటది మేడం. గెలిచినా గదే, ఓడినా గదే, సచ్చిపోయినా గదే. కింద అక్షరాలే మారుతయ్," అని నవ్వేవాడు.

అచ్చయిన తెరని ఫ్రేముకి బిగించే పెద్ద ఫిట్టర్‌ని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయనది యుద్ధంలో ఉన్న దేశం. పేరు ఇక్కడ రాయను. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు కాబట్టి క్యాంపు హిందీ మనవాళ్ళలాగే మాట్లాడతాడు. పొడుగు మనిషి, మెల్లగా నడుస్తాడు. బట్టని ఫ్రేముకి లాగి బిగించేటప్పుడు ఎక్కడా ముడత రానివ్వడు. జగిత్యాల అన్నా, ఆయనా సోనాపూర్ లేబర్ క్యాంపులో పక్క పక్క గదుల్లో ఉండేవాళ్ళు. శుక్రవారం కలిసి వండుకునేవాళ్ళు.

కరోనా మాస్కులు తీసేసి రెండేళ్ళయిన తర్వాత ఒక ఎండాకాలం, ఆ దేశపు ప్రెసిడెంటుకీ ఆయన మీద యుద్ధం చేస్తున్నవాళ్ళకీ మధ్య చర్చలు ఇక్కడి ఒక హోటల్‌లో మొదలయ్యాయి. మాకు తెలిసింది పేపర్లో చదివి కాదు. ఆర్డర్ వచ్చి.

ఆర్డర్ తెచ్చింది ప్రెసిడెంటు ప్రచార బృందంలోని ఒక అమ్మాయి. ముప్ఫై దాటి ఉండవు. చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు, కళ్ళ కింద నల్లటి వలయాలు. రోజూ సాయంత్రం ప్రెసిడెంటు విలేకరులతో మాట్లాడతారనీ, ఆయన వెనక తెర కావాలనీ చెప్పింది. నిండా వాళ్ళ దేశం మ్యాపు, దాని మీద పెద్ద అక్షరాలు. "అర్థం ఏమిటి?" అని అడిగితే ఇంగ్లీషులో చెప్పింది. మొత్తం నేల, మొత్తం శాంతి.

మధ్యాహ్నం ఆ తెర మెషీన్‌లోంచి బయటికి వస్తుంటే ఉస్తాద్ వచ్చి నిలబడ్డాడు. అన్నేళ్ళలో మా షాపులో ఆయన భాష అచ్చయింది అదే మొదటిసారి. అక్షరాలు తడిగా ఉంటాయని తెలిసీ వేలు దగ్గరికి తీసుకెళ్ళి ఆపేశాడు. మ్యాపు కింది భాగంలో, ఒక నది వంపు తిరిగేచోట చూపించాడు.

"ఇక్కడే మేడం. మా ఊరు. మా అక్క ఇప్పుడూ అక్కడే ఉంది, పిల్లలతో."

"ఊరి పేరు లేదుగా దీంట్లో," అన్నాడు అన్న.

"పేరెందుకు? నది ఉందిగా."

ఆ ఊరు ఉన్న జిల్లాని అప్పటికే ఏడాదిగా అవతలి పక్షం చుట్టుముట్టి ఉందని ఆ రోజే తెలిసింది నాకు. అక్కకి ఫోన్ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలట. ఆమె ఎక్కినప్పుడు ఈయనకి మెసేజ్ వస్తుంది. ఎక్కనప్పుడు రాదు.

పది రోజులు గడిచేసరికి ఆ అమ్మాయి కొత్త ఫైలు పంపింది. మ్యాపు ఉంది కానీ రంగు పలచబడింది, నీళ్ళల్లో నానబెట్టిన బట్టలా. మాటలు మారాయి. గౌరవంతో కూడిన శాంతి. ఆ తర్వాత ఇంకొకటి. అందులో మ్యాపే లేదు. లేత నీలం రంగు, ఒక మూల జెండా, మధ్యలో ఒకే ఒక్క మాట. శాంతి.

పాత తెరని ఊడదీసేది ఉస్తాదే కాబట్టి తేడా ముందు ఆయనకే కనిపించింది. నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, నక్షా కహాఁ గయా?" మ్యాపు ఎక్కడికి పోయిందని.

డిజైన్ మార్చారన్నాను.  మా అమ్మమ్మగారి ఊరు గోదావరి ముంపు మండలాల్లో ఉండేది. రాష్ట్రం విడిపోయినప్పుడు వాళ్ళు ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో లేచారు. మా మావయ్య టీవీలో మ్యాపు రంగు మారడం చూసి తెలుసుకున్నాడు. వాళ్ళ మీద బాంబులేం పడలేదు, అది వేరే సంగతి. కానీ మ్యాపు గురించి అడిగే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను అంతకుముందే ఒకసారి చూశాను.

మర్నాడు ఆ అమ్మాయి ప్రూఫ్ చూసుకోవడానికి షాపుకి వచ్చింది. కరక్ చాయ్ తెప్పించాను. మ్యాపు ఏమైందని మామూలుగా అడిగినట్టే అడిగాను. దాచకుండా చెప్పింది. బహుశా చెప్పుకోవడానికి ఆమెకీ ఎవరూ లేరు.

"మా దగ్గర రోజూ ఫోన్లు చేసి జనాన్ని అడుగుతారు. ఏ మాటకి కోపం వస్తోంది, ఏ మాటకి రావడం లేదు అని. ఆ జిల్లా వదులుకోవాల్సి రావచ్చనే వార్త ముందు ఏదో చిన్న పత్రికలో వస్తుంది. జనం మండిపడతారు. ప్రెసిడెంటుగారు అబద్ధం అంటారు. తర్వాత ఇంకొంచెం పెద్ద పత్రికలో వస్తుంది. ఈసారి కొంచెం తక్కువ మండిపడతారు. అలా కొన్నిసార్లయ్యాక ఆయన మాట్లాడతారు."

"అంటే వాళ్ళు అలిసిపోయేదాకా ఆగుతారు."

"వాళ్ళు ఎప్పుడో అలిసిపోయారు," అంది. "అలిసిపోయామని ఒప్పుకోవడానికే టైం పడుతుంది. మొదటి రోజే మ్యాపు తీసేస్తే ఆయన్ని దేశద్రోహి అంటారు. చర్చలు ఆగిపోతాయి. మళ్ళీ రోజూ శవాలు."

ఆమె మాటల్లో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. ప్రూఫ్ మీద సంతకం పెట్టి, చాయ్ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

హోటల్‌లో నీలం తెర బిగిస్తున్న రోజు ఆమె అక్కడే ఉంది. ఉస్తాద్ నిచ్చెన మీదినుంచి తన కింద పనిచేసే అతనితో ఏదో అన్నాడు, తన భాషలో. అలవాటుగా వచ్చేసిన మాట. ఆ అమ్మాయి చటుక్కున తల తిప్పింది. ఆయన దిగి వచ్చేదాకా ఆగి, ఏ ఊరని అడిగింది. చెప్పాడు. ఆమె ఫోన్లు రెండూ సంచిలో పెట్టేసింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. నేను దూరంగా ఉన్నాను, దగ్గర ఉన్నా అర్థమయ్యేది కాదు.

వ్యాన్‌లో వెనక్కి వస్తుంటే ఉస్తాద్ ముఖం వెలిగిపోతోంది. ప్రెసిడెంటు ఇక్కడున్న తమ దేశస్థుల్ని కలుస్తారట, తనని రమ్మన్నారట.

"ఏం మాట్లాడాలో రాసిస్తారా?" అని అడిగాను.

"లేదు మేడం. నీ మనసులో ఏముంటే అది అడుగు అంది."

ఆ వారమంతా షాపులో అదే ముచ్చట. అన్న తన నల్ల ప్యాంటు ఇచ్చాడు, పొట్టిదయింది. పక్క షాపు దర్జీ అంచు విప్పి పొడుగు చేశాడు. అడగాల్సింది ఒక్కటే ఉంది ఉస్తాద్‌కి. దాన్ని మా ముందు హిందీలో చెప్పి చూసుకునేవాడు. సాబ్, మీరు సంతకం పెడితే మా ఊరు ఎటువైపు ఉంటుంది?

"గట్ల సీదా అడుగుతవా?" అన్నాడు అన్న. "జర తిప్పి అడుగు భాయ్. పెద్దమనిషి."

"తిప్పి అడిగితే తిప్పి చెప్తాడు."

సభ మధ్యాహ్నం జరిగింది. తెర, లైట్లు మావి కాబట్టి నేను పక్క తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. హాల్లో డ్రైవర్లు, నర్సులు, సూట్లు వేసుకున్న వ్యాపారులు, చిన్న పిల్లలతో ఆడవాళ్ళు. ఉస్తాద్‌ని ముందు వరసల్లో, నడిచే దారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. గౌరవం అనుకున్నాను. కెమెరాకి ఆ కుర్చీ అడ్డం లేకుండా కనిపిస్తుందని అప్పుడు తట్టలేదు.

ప్రెసిడెంటు ఫోటోల్లో కనిపించినంత పెద్ద మనిషి కాదు. జలుబు చేసింది, మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నాడు. ఏదో కొద్దిగా మాట్లాడి, మీరు అడగండి అన్నట్టు చెయ్యి చాపాడు. ఉస్తాద్ లేచాడు. మైకు ఇచ్చారు. నాకు వాళ్ళ భాష రాదు కానీ ఆ వాక్యం పొడుగు నాకు తెలుసు. అడిగాడు. 

ప్రెసిడెంటు జవాబు చెప్పలేదు. మైకు పక్కన పెట్టేసి వేదిక దిగాడు. నేరుగా ఉస్తాద్ దగ్గరికి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరికీ మాత్రమే వినపడేలా ఏదో చెప్పాడు. చెప్తూనే ఉన్నాడు. ఉస్తాద్ భుజాలు ముందు కొద్దిగా కదిలాయి, తర్వాత ఆ పొడుగు మనిషి మొత్తంగా వంగిపోయి ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చేశాడు. ప్రెసిడెంటు కళ్ళల్లోనూ నీళ్ళు. అవి నటన అని నేననను. అంత దగ్గర్నుంచి చూశాను, నటనలా లేదు. వెనక మా నీలం తెర, దాని మీద ఒకే మాట. కెమెరాలు చుట్టూ మూగాయి.

అందరం వ్యాన్ ఎక్కాం. లైట్ల పని చూడ్డానికి వచ్చిన అన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఏమన్నడు భాయ్ పెద్దాయన?"

ఉస్తాద్ ఇంకా ముఖం తుడుచుకుంటున్నాడు. "ఈ నెలలో మీ దగ్గర ఏం విత్తుతారని అడిగాడు. వాళ్ళ అమ్మ పుట్టింది మా నదికి అవతలి గట్టునేనట. అక్కడి చేప రుచి ఇంకెక్కడా లేదన్నాడు. మా అక్క పేరు అడిగి, పిల్లల పేర్లు అడిగి…"

"మంచిదే. మరి ఊరు ఎటువైపో చెప్పిండా?"

ఉస్తాద్ ముఖం తుడుచుకోవడం ఆపేశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. అల్ ఖూజ్ వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత అన్న ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మేడం, గీ వీడియో సూడున్రి జర." అందులో ప్రెసిడెంటు వేదిక దిగుతున్నాడు, ఉస్తాద్ చేతులు పట్టుకుంటున్నాడు, ఉస్తాద్ ఏడుస్తున్నాడు. ఆయన అడగడం లేదు. ఆయన నోరు కదిలినచోట గొంతు తీసేసి వీణలాంటి ఏదో సంగీతం పెట్టారు. కింద వాళ్ళ భాషలో అక్షరాలు. ఉస్తాద్‌ని పిలిస్తే వచ్చి, తన గురించి రాసినదాన్ని తనే మాకు చదివి అర్థం చెప్పాడు. చుట్టుముట్టిన ఊరి బిడ్డ ప్రెసిడెంటుతో అన్నాడు, ఇక చాలు, ఏ ధరకైనా శాంతి తెండి.

"నేను అనలేదు ఇది," అన్నాడు, మేమేదో నిలదీసినట్టు. "మీరు విన్నారు కదా."

విన్నాం. హిందీలో.

వాళ్ళ దేశమంతా ఆ వీడియో చూసింది. మర్నాడు అక్క గుట్ట ఎక్కింది. ఎప్పుడూ పిల్లల గొంతులు వినిపించే మెసేజ్‌లో ఈసారి గాలి చప్పుడు, ఆమె గొంతు. ఉస్తాద్ దాన్ని మా ముందే మళ్ళీ మళ్ళీ విన్నాడు. అన్న అడిగితే చెప్పాడు. "అక్కడ ఏసీ చల్లగా ఉందా తమ్ముడూ అంటోంది. మమ్మల్ని ఇచ్చేయమని నువ్వే చెప్పావా అంటోంది. బజార్లో జనం ఆమె ముఖం చూడటం లేదట." ఆయన జవాబు పంపాడు. పొడుగ్గా, ఒకటి కాదు, చాలా. అవి ఆమె ఫోన్‌కి చేరాయో లేదో తెలియదు. తర్వాత మెసేజ్ రాలేదు.

ఒకరోజు భోజనాలయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మేడం, ఆ అమ్మాయి నంబరు మీ దగ్గర ఉంది కదా." ఫోన్ చేశాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. మెషీన్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఉస్తాద్ మాత్రం కూర్చోలేదు. ఆమె నా కోసం ఇంగ్లీషులోనే మాట్లాడింది, మధ్యలో ఆయనకి తమ భాషలో చెబుతూ.

"ఆ అక్షరాలు నేను రాయలేదు," అంది. "నేను వీడియో పంపాను, అంతే. అక్కడ ఎవరో రాశారు."

"తీయించండి."

"ఎక్కడని తీయిస్తాను? నేను తీసినా వేల మంది దగ్గర ఉంటుంది." ఆమె ఉస్తాద్ వైపు చూడకుండా నాతో అంది. "మీరు కోప్పడండి, ఫరవాలేదు. కానీ ఆ వీడియో వచ్చాక ఫోన్లలో సంతకానికి ఒప్పుకునేవాళ్ళు పెరిగారు. మొదటిసారి సగం దాటింది. సంతకం జరిగితే వాళ్ళక్క బతుకుతుంది. ఆమె ఏ జెండా కింద ఉన్నా బతికే ఉంటుంది కదా."

 ఉస్తాద్ తన భాషలో ఏదో అన్నాడు. ఆమె తల దించుకుంది.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

"ఆ వీడియోలో తన ప్రశ్న ఒక్కటి పెట్టమంటున్నాడు. జవాబు అక్కర్లేదట. తను అడిగాడని తెలిస్తే చాలట." ఆమె లేచింది. "ప్రయత్నిస్తాను."

ప్రయత్నించిందేమో. మాకు ఏమీ కనిపించలేదు.

నేను చేయగలిగింది నేనూ చేశాను. ఆ వీడియో కింద ఇంగ్లీషులో రాశాను, నేను ఆ హాల్లో ఉన్నాను, ఆ మనిషి అలా అనలేదు అని. అన్న హిందీలో రాశాడు. నిమిషంలో మా మాటల మీద వందల మాటలు వచ్చి పడ్డాయి. ఎవరో నన్ను, శత్రువులు నీకు ఎంత ఇచ్చారని అడిగారు. ఇంకెవరో ఆయన చేసింది గొప్ప పని అని ఏడుపు బొమ్మలు పెట్టారు. రెండూ చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. మా ఆయన "నీకెందుకు ఈ గొడవ, వీసా మీద బతికేవాళ్ళం" అన్నాడు. నిజమే. నా వల్ల అయ్యేది కూడా ఏమీ లేదు.

సంతకం జరగలేదు.

చివరి రోజుల్లో అవతలివాళ్ళు ఏదో కొత్త షరతు పెట్టారనీ, కాదు ప్రెసిడెంటే వెనక్కి తగ్గాడనీ రెండు రకాలుగా చెప్పారు. అవతలివాళ్ళు ముందే విమానం ఎక్కి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. ప్రెసిడెంటు తన దేశానికి తిరిగి వెళ్ళేముందు ఇక్కడ ఆఖరిసారి మాట్లాడతారనీ, అర్జెంటుగా కొత్త తెర కావాలనీ మెయిల్ వచ్చింది. ఈసారి పంపింది ఆ అమ్మాయి కాదు, వేరే ఎవరో మగమనిషి.

నేను ఆ ఫైలు తెరిచి చూడకుండానే డిజైనర్‌కి పంపాను. డిజైనర్ మెషీన్‌కి పంపాడు. కాసేపటికి వెనకనుంచి మెషీన్ చప్పుడు ఆగిపోయింది. రోల్ సగంలో మెషీన్ ఆపడం అన్న ఎప్పుడూ చేయడు. లేచి వెళ్ళాను.

తెర సగం బయటికి వచ్చి ఉంది. దాని మీద ఉస్తాద్ ముఖం, తలుపంత పెద్దది. మూసుకున్న కళ్ళు, బుగ్గల మీద తడి. హాల్లో తీసిన ఫోటోయే. పైన కొత్త అక్షరాలు.

"మేడం, గిదెట్ల గొట్టాలె నేను?" అన్నాడు అన్న. చేతులకి గ్రీజు లేకపోయినా ఆయన వాటిని బట్టకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ముదీర్ దగ్గరికి, అంటే మా మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఈ మనిషి మన దగ్గర పనిచేసేవాడే అని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, విన్నాడు. "ఫోటో వాళ్ళది, మాటలు వాళ్ళవి. మనం వద్దంటే పక్క షాపువాడు చేస్తాడు. ఖలాస్. సాయంత్రానికి హోటల్‌లో ఉండాలి," అన్నాడు.

నేను వెనక్కి వచ్చేసరికి ఉస్తాద్ అక్కడ ఉన్నాడు. తన ముఖం ముందు నిలబడి పైన రాసింది చదువుతున్నాడు. అడగకుండానే మాకు చెప్పాడు. ఈ కన్నీటికి బదులు తీర్చుకుంటాం.

"ఇది కూడా నేను అనలేదు," అన్నాడు.

 తర్వాత ఆయనే అన్న భుజం తట్టి, "చలావో భాయ్," అన్నాడు. అన్న మెషీన్ ఆన్ చేశాడు. మిగతా ముఖం బయటికి వచ్చింది. గడ్డం, మెడ, ప్రెసిడెంటు చెయ్యి. ఆ రోజు తెర బిగించడానికి ఇంకొకర్ని పంపుతానన్నాను. ఆయన సరేనన్నాడు, కానీ ఇంటికి వెళ్ళకుండా సాయంత్రం వరకూ వడ్రంగి వైపు కూర్చుని చెక్కపొట్టు ఊడుస్తూ ఉండిపోయాడు.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. మూడు నాలుగు రోజులకి అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఉస్తాద్ దాన్ని ఆఫీసులోకి తీసుకొచ్చి నాకు వినిపించాడు, నాకు భాష రాదని మర్చిపోయి. ఆమె ఏడుస్తోంది, కానీ అది వేరే ఏడుపు. మధ్యలో పిల్లలు అరుస్తున్నారు.

"నన్ను తప్పుగా అనుకున్నానంటోంది మేడం. నేను ప్రెసిడెంటుని పట్టుకుని మా ఊరిని వదలొద్దని ఏడ్చానట. కొత్త తెర మీద నా ముఖం చూసి ఊళ్ళో అందరూ అదే అనుకుంటున్నారట. బజార్లో మా అక్కకి కూర్చోవడానికి స్టూలు వేశారట."

"మీరేమని చెప్పారు?"

"ఏం చెప్పాలి? ఆమె మాట్లాడుతోంది కదా మళ్ళీ." ఫోన్ని జేబులో పెట్టుకున్నాడు. "నేను అడిగాను అంతే అని చెప్తే, ఏమని అడిగావంటుంది. ఆయనేమన్నాడు అంటుంది."

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. యుద్ధం నది దాటింది. గుట్ట మీది టవరు కూలిపోయింది. వారాల తరబడి ఏ కబురూ లేదు. అన్న సోనాపూర్ నుంచి బస్సులో ఆయన పక్కనే కూర్చుని వచ్చేవాడు, ఆయన పక్కనే కూర్చుని తినేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు, "తిండి పెట్టుకుంటడు మేడం, తినడు. కలుపుతనే ఉంటడు." నేను టీవీ వార్తలు చూసేదాన్ని. వాటిలో ఆ ఊరి పేరు వచ్చేది కాదు. జిల్లా పేరు వచ్చేది, ఒక్కోరోజు ఒక్కో పక్షం చేతిలో ఉందని.

చలికాలం మొదట్లో పక్కదేశపు శరణార్థుల శిబిరం నుంచి కొత్త నంబరుతో అక్క ఫోన్ చేసింది. ఆమె, పిల్లలు నడిచి సరిహద్దు దాటారు. ఊళ్ళో ఇంకా చాలామంది దాటారు, కొందరు దాటలేదు. ఆ రోజు ఉస్తాద్ షాపులో అందరికీ జ్యూస్ తెప్పించాడు. నాకు రెండు తెచ్చిపెట్టాడు.

మళ్ళీ చర్చలు మొదలయ్యాయని ఆ మధ్య విన్నాను. ఈసారి ఇక్కడ కాదు, ఇంకేదో నగరంలో. ప్రెసిడెంటు ముందులాగే మొదట గట్టిగా మాట్లాడుతున్నాడు. అక్కడ ఆయన వెనక తెర ఎవరు వేస్తున్నారో తెలియదు. ఆ అమ్మాయి నాకు ఒక్కసారి మెసేజ్ పెట్టింది. ఆ మనిషి ఎలా ఉన్నాడు, వాళ్ళక్క ఎలా ఉంది అని. క్షేమమేనని రాశాను. ఇంకా ఏదో రాద్దామని చాలాసేపు చూశాను. నువ్వెలా ఉన్నావని కూడా అడగలేకపోయాను.

ఇప్పుడు ఉస్తాద్‌కి రోజూ మెసేజ్‌లు వస్తాయి. అక్క నుంచి కాదు, ఆ శిబిరంలో ఉన్నవాళ్ళ నుంచి, వాళ్ళ చుట్టాల నుంచి, ముక్కూ ముఖం తెలియనివాళ్ళ నుంచి. ఆ ఫోటో అందరూ చూశారు. ప్రెసిడెంటు భుజం మీద తలపెట్టుకుని ఏడ్చిన మనిషి అంటే ఆయనకి దగ్గరివాడే అనుకుంటారు. అక్కే నంబరు ఇచ్చిందట, గర్వంగా. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన రోల్స్ పేర్చిన చోట నీడలో కూర్చుని ఒక్కొక్కటే వింటాడు. మా అబ్బాయిని సైన్యం పట్టుకుపోయింది, ఒక మాట చెప్పు. శిబిరంలో మందులు లేవు, ఒక మాట చెప్పు. ఈసారి సంతకం పెట్టేటప్పుడు మా వీధిని మర్చిపోవద్దని చెప్పు. ఏదీ మధ్యలో ఆపడు. చివరిదాకా విని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని రెండు ముక్కలు చెప్తాడు.

మొన్న ఒకరోజు అన్న ఉండబట్టలేక అడిగాడు. "ఏమని జవాబిస్తవ్ భాయ్ గిందరికి?"

"చెప్తాను అని."

"ఎవలికి చెప్తవ్? ఎట్ల చెప్తవ్? నీ దగ్గర ఆయన నంబరున్నదా?"

"లేదు."

"మరి చెప్తనని ఎందుకంటవ్?"

ఉస్తాద్ ఆయన వైపు చూశాడు. కోపంగా కాదు. నిజంగానే ఇంకో మాట ఉంటే చెప్పమన్నట్టు చూశాడు. అన్న నా వైపు తిరిగాడు.  ఫోన్ మళ్ళీ మోగింది, ఉస్తాద్ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు.